ఇనుప పెట్టెలో ఆరిన రుమాళ్ళు

ఆషాఢంలో ఎండ ఉండదు. తమ కష్టమంతా అక్కడే మొదలైందని చంద్రావతి కొంతకాలం అనుకుంది గాని, దాని వెనుక మరొక కారణం, ఆ కారణం వెనుక ఇంకొకటి ఉన్నాయి. యుద్ధం వచ్చింది. యుద్ధంతో నూలుకు కంట్రోలు వచ్చింది. కంట్రోలుతో అమీర్‌పేటలోని వాళ్ళ గుంటమగ్గం నెలల తరబడి మూగబోయింది. ఆ ఖాళీ రోజుల్లోనే ఆమె భర్త సిద్ధిరాములు, బోర్డులు రాసే ఒక బొంబాయి మనిషి దగ్గర పట్టుతెర అద్దకం నేర్చుకున్నాడు. చట్రానికి పలుచటి పట్టుగుడ్డ బిగించి, బొమ్మ తప్ప మిగతా చోటంతా లక్కతో మూసి, పైన రంగు పోసి రబ్బరు పలకతో లాగితే కింది బట్ట మీద బొమ్మ పడుతుంది. రంగు అవిసెనూనెలో కలిపినది. వేసవిలో ఎండకే ఆరి గట్టిపడేది.

బల్కంపేట గుడి దగ్గర దుకాణం పెట్టుకున్న సాయిలు, బోనాలకు అమ్మడానికి రుమాళ్ళు అడిగాడు. తెల్లబట్ట మీద వేపరెమ్మ, బోనపు కుండ ఉండాలన్నాడు. ఇంట్లో మిగిలిన నూలంతా ఆ రుమాళ్ళకే నేసేశారు. బట్ట సిద్ధమైంది, మబ్బు పట్టింది. రంగు ఆరాలంటే ఇక నిప్పు వేడి కావాలి.

ఆలుమగలిద్దరూ పంజాగుట్టలో పాత ఇనుము అమ్మే తుకారాం దగ్గరికి పోయారు. అతని దగ్గర రెండు వస్తువులు కనిపించాయి: బొగ్గుల ఇస్త్రీ పెట్టెల జత ఒకటి, మూతపడిన బేకరీ నుంచి వచ్చిన, రొట్టెలు కాల్చే పెద్ద ఇనుప పెట్టె ఒకటి.

"ఎన్ని వేల రొట్టెలు కాలినయో దీంట్ల," అన్నాడు తుకారాం. "నీ రుమాళ్ళేమన్న రొట్టెకంటె మొండియా, సిద్ధిరాములన్నా?"

"రొట్టె మాడితె గీకి తింటరు భాయ్. రుమాలు మాడితె ఏం చెయ్యాలె?"

"అయితె ఇస్త్రీ పెట్టెలు తీస్కపో. అగ్గువకు వస్తయి. కాలితె వదినె చేతులే కాలుతయి."

"నా చేతుల ఫికర్ నీకెందుకు తియ్యి," అంది చంద్రావతి. "రొట్టెల పెట్టె లోపట వేడి అన్ని మూలలకు ఒక్కతీరుగ తాకుతదా? గది చెప్పు."

"గది నాకేమెరుక? నేను ఇనుము అమ్మెటోన్ని. రెండు సుత తీస్కపోయి చూడుండ్రి. అక్కెరకు రానిది వాపస్ తెండ్రి."

రెండూ ఇంటికి తెచ్చుకున్నారు. ఇస్త్రీ పెట్టెలు వాళ్ళకు అందే ధరే. ఇనుప పెట్టె కొనాలంటే మాత్రం మగ్గం అమ్మాలి. మగ్గం కొంటానన్నవాడు నేతగాడు కాడు, ఖైరతాబాద్ వడ్రంగి. అతనికి కావలసింది కలప. ఒకసారి ఇస్తే అది మళ్ళీ మగ్గమై తిరిగి రాదు. అందుకే సిద్ధిరాములు తీర్పును భార్యకు వదిలాడు.

"నువ్వు ఉతికి చూడు చంద్రా. నీ చేతికి పోని రంగు ఎవ్వల చేతికీ పోదు."

కొత్త బట్టలో వేలెడు గుడ్డ కూడా పాడుచేయడానికి లేదు. కనుక ఆమె పాత ధోవతి ఒకటి చింపింది. ఒక ముక్క మీద రంగు వేసి గుడ్డ కప్పి ఇస్త్రీ చేస్తే, నూనె పాకి ఆకులు అలుక్కుపోయాయి. రెండో ముక్కను ఇనుప పెట్టెలో పెట్టి, కింద సన్నగా బొగ్గులు రాజేసి, చాలాసేపు ఉంచింది. తీసి నానబెట్టింది, సబ్బు రుద్దింది, బండ మీద బాదింది. వేపాకు అంచు కూడా చెదరలేదు.

"పెట్టెనే కొను," అంది.

"మగ్గం పోతది."

"నూలు లేని మగ్గం ఉండి ఏం చేస్తది?"

వడ్రంగి వచ్చి మగ్గాన్ని విప్పుకొని బండిలో వేసుకుపోయాడు.

రుమాళ్ళన్నీ అద్ది, పెట్టెలో కాచి, సాయిలుకు ఇచ్చారు. బోనాల ఆదివారం వాన పడింది. మర్నాడు సాయిలు తడి మూట తెచ్చి గడపలో పడేశాడు.

"ఏందన్నా గీ పని? మొగోళ్ళు తలకు చుట్టుకున్న రుమాళ్ళకెంచి ఆకులు ఊడి భుజాల మీద పడుతున్నయి. చెట్టు కింద నిలబడ్డరా అని నవ్విండ్రు కొందరు. ముసలోళ్ళయితె నవ్వలే. అమ్మ ముంగట కుండ చెరిగిపోయిందని దడుసుకున్నరు. ఇగ నీ చేతి గుడ్డ నా దుకాణంల పెట్టను. ఇంకెవ్వరు సుత పెట్టరు."

అతను పోయాక సిద్ధిరాములు పెట్టె వంక చూశాడు. "గా తుకారాం ముంచిండు. వేడి సరిగ ఎక్కని పెట్టె అంటగట్టిండు. ఇయ్యాల్నే వాపస్ ఇచ్చి, వడ్రంగి కాళ్ళు పట్టుకుంట."

చంద్రావతి ఇంట్లోనే ఉండిపోయిన పొడి రుమాలు ఒకటి తీసి పళ్ళెంలో నీళ్ళు పోసి ముంచింది. కాసేపటికి వేళ్ళకు జిగురు తగిలింది. వేపాకు కరగలేదు, రంగు నీళ్ళలో కలవలేదు. ఆకు ఆకుగానే పొరలా లేచి నీటి మీద తేలింది. వేళ్ళ మధ్య నలిపితే గట్టిగా, బాగా కాగిన రంగులా ఉంది.

ఆమెకు తెలిసిపోయింది. పడుగు దారాలకు గంజి పట్టించింది తనే. నేత దిగాక బట్ట పెళపెళలాడాలని మరోసారి గంజిలో ముంచిందీ తనే. రంగు పట్టింది గంజిని, నూలును కాదు. గంజి నీళ్ళలో కరిగితే దాని మీది రంగు ఎక్కడ నిలుస్తుంది? పాత ధోవతిలో గంజి ఏనాడో పోయింది, అందుకే పరీక్ష నెగ్గింది. కొత్త బట్టను ఉతికి పాతది చేయడం నేతింట్లో ఎవరికీ తోచే పని కాదు. ఇక్కడ మాత్రం ముందు ఉతికి, ఆ మీద అద్ది, కాచి, చివర గంజి పెట్టవలసింది. అన్ని పనులూ చేశారు, వరుస తప్పారు.

చెప్పింది. సిద్ధిరాములు పళ్ళెంలోని ఆకును వేలితో కదిలించి చాలాసేపు చూశాడు.

"అంటె పెట్టె మంచిదే."

"మంచిదే."

"గట్లయితె వాపస్ ఇయ్యనక్కెర లేదు."

అద్దడానికి ఇంట్లో మూర బట్ట లేదు. నూలు దొరికినా నేయడానికి మగ్గం లేదు. నేసినా కొనేవాడు లేడు. అతను లేచి పెట్టె తలుపు తెరిచాడు, ఖాళీ అరలను చూశాడు, మళ్ళీ మూశాడు. "మగ్గం కోసిండో లేదో," అన్నాడు. చంద్రావతికి తెలుసు. పొద్దున నీళ్ళకు వెళ్ళినప్పుడు ఖైరతాబాద్ నుంచి వచ్చిన మనిషి ఒకతను చెప్పాడు, మగ్గం కలపలోంచి తలుపు చెక్కలు బాగా వచ్చాయని. ఆమె పళ్ళెంలో నీళ్ళు వాకిట్లో పారబోసింది.