దుప్పటమ్మ చేతివేడి

రోజూ ఆఫీసుకు బయల్దేరే ముందు కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని చూసేది. తొమ్మిదేళ్ళుగా ఆ చెయ్యి ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా ఉండేది. "ఎడమ భుజం లాగుతోందే," అని అమ్మ అంటే కూతురు ఆ మాట ఆఫీసులో చేరవేసేది. ఇంజినీర్లు మారు మాట్లాడకుండా అంతరిక్ష నౌక ఎడమ రెక్క పరీక్షించేవారు. ఏదో ఒక లోపం బయటపడేది.

అమ్మ ఆ నౌకకు దుప్పటి కుట్టిన మనిషి. మహాగ్రహం చుట్టూ తిరిగే మంచు చందమామలను చూసి రావడానికి మనుషుల్లేకుండా వెళ్ళిన నౌక అది. యంత్రాలు గడ్డకట్టకుండా పల్చటి రేకు పొరలు పేర్చి ఏడాదిపాటు చేత్తోనే కుట్టింది. ఆఖరి కుట్టుతో ఆవిడ ఒంట్లో వేడి కూడా దాంట్లోకి వెళ్ళిపోయింది. అంత ప్రాణం పెట్టి కుడితే వెళ్ళిపోదూ మరి. నౌకలో హీటర్లు ఎప్పుడో పాడయ్యాయి, అయినా లోపల నులివెచ్చగానే ఉంది. నౌక వేడి నమోదయ్యే పట్టికలో కారణం దగ్గర "దుప్పటమ్మ" అని రాసుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుపోయారు.

ఇప్పుడు ఇంధనం అయిపోవచ్చింది. వదిలేస్తే నౌక ఎప్పుడో ఒక చందమామ మీద పడుతుంది. ఆ మంచు కింద నీళ్ళున్నాయి, నీళ్ళలో ప్రాణులున్నాయేమో. ఇక్కడి క్రిములు అక్కడ కలవకూడదు కాబట్టి నౌకను మహాగ్రహంలోకి దించి కాల్చేయాలి. ఆదేశం పంపే పని కూతురిది. నౌక పోతే అమ్మ కూడా పోతుందని అందరికీ తెలుసు. మూడు వారాలు ఆమె "నావల్ల కాదు సార్" అంటూనే ఉంది. ఇంకొకరికి అప్పజెప్పడానికి ఆఫీసు పెద్దాయనకు నోరు రాలేదు.

ఆ ఉదయం అమ్మే చెయ్యి చాపింది. "పట్టుకు చూడు."

వెచ్చగా ఉంది.

"తెల్లారేసరికి తిరిగొచ్చేసిందే. ఇంక ఆ డబ్బాలో నాదేం లేదు. పంపించెయ్."

కూతురు ఆ చేతిని చెంపకు ఆనించుకుని ఏడ్చింది. సంతోషంలో ఆఫీసుకు పరుగులాంటి నడకతో వెళ్ళి ఆదేశం పంపేసింది. ఆ తర్వాత చూసింది పట్టిక వైపు. నౌక నిన్నటిలాగే వెచ్చగా ఉంది. అమ్మ వేడి వెనక్కి వస్తే అది చల్లబడాలి కదా. పంపిన ఆదేశం అక్కడికి చేరడానికి యాభై నిమిషాలు, చేరగానే నౌక మహాగ్రహంలోకి దిగిపోతుంది, ఆదేశాన్ని వెనక్కి పిలిచే దారి లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కుర్చీలో ఉంది, ఒళ్ళో వేడినీళ్ళ సంచీ.

"ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?"

"చెప్పకపోతే నువ్వు పంపవుగా. చేతులకు తొడుగులేసుకుని, ఒక్క వెంట్రుక పడకుండా కుట్టాను. తీరా నా మురికి ఆ నీళ్ళలో కలపనా?" అంది అమ్మ. సంచీని దగ్గరికి లాక్కుని, "భయంగా ఉందే. నా పక్కన కూర్చో," అంది.

కూతురు సంచీ తీసి పక్కన పెట్టి ఆ చల్లటి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. గడియారం చూడకూడదనుకుంటూనే చూసింది. సరిగ్గా వేళకు చెయ్యి దానంతటదే వేడెక్కింది, జ్వరమొచ్చినట్టు కాలిపోయింది. "అబ్బ, ఎన్నాళ్ళకు," అంది అమ్మ. మరి మాట్లాడలేదు.

ఫోను మోగింది. పెద్దాయన.

"నౌక ఇంకా బాగానే ఉందమ్మా. వేడి ఏమాత్రం తగ్గలేదు." అక్కడ జరిగింది ఇక్కడ తెలియడానికి మరో యాభై నిమిషాలు పడుతుందని ఆయనకు తెలియక కాదు.

"ఆ అంకెలు చదువుతూ ఉండండి సార్," అంది కూతురు.

ఆయన చదవసాగాడు. ఫోను చెవికి ఆనించుకుని, యాభై నిమిషాలూ ఆమె అమ్మ ఒంటి వేడి వింటూ కూర్చుంది.