మూత పెట్టి దాచలేని వంట

మా ఆయనది బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. నాది హోటలు లాండ్రీలో పగటి డ్యూటీ. ఇల్లు ఒకటే, మంచం ఒకటే, తినే బల్లా ఒకటే, మనుషులమే వంతులవారీగా ఉంటాం. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన బస్సెక్కేసి ఉంటాడు. ఆయన తెల్లవారి వచ్చేసరికి నేను జడ వేసుకుంటూ ఉంటాను. నేను వండి మూత పెట్టింది ఆయన తింటాడు, ఆయన వండి మూత పెట్టింది నేను తింటాను. మా కాపురమంతా మూతల కిందే గడిచిపోయిందంటే నమ్మండి.

సెలవులుండవా అంటారు. ఎందుకుండవు! ఆయనకి ఆదివారం, నాకు మంగళవారం. ఆదివారం హోటల్లో దుప్పట్లు గుట్టలు పడతాయి, నేను ఇంటికి చేరేసరికి ఆయన గుర్రు పెడుతుంటాడు. మంగళవారం పగలంతా ఆయన పడుకుని, లేచి, నిలబడే నాలుగు ముద్దలు మింగి బస్సు కోసం పరిగెడతాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి పేరు షిఫ్టు సూపర్‌వైజరు.

ఒకరోజు హోటలు వంటింటివాళ్ళు పాత సామాను తీసేస్తుంటే అందులో ఒక విచిత్రమైన గిన్నె కనబడింది. కింద చిన్న స్పిరిట్ దీపం, పక్కన పొడుగాటి సన్నటి ఫోర్కులు. ఇదేంటి మాస్టారూ అని వంట మాస్టార్ని అడిగాను.

"ఫాండ్యూ గిన్నెమ్మా. ఇందులో చీజు కరిగించి, కింద మంట పెట్టి, చుట్టూ కూర్చుని బ్రెడ్డు ముక్కలు ముంచుకు తింటారు."

"మిగిలితే మూత పెట్టి మర్నాడు తినొచ్చా?"

"అయ్యో రాత! చల్లారితే చెప్పులకి అట్ట వేసుకోవాలి. ఇది అందరూ ఒకేసారి కూర్చుని తినే వంట. ఆలస్యంగా వచ్చినవాడికి అడుగున మాడిందే గతి."

నేను ఆ గిన్నె అక్కడే చంకనెత్తుకున్నాను. నాకు మా ఆయన పక్కన కూర్చుని ఒక్కపూట వేడివేడిగా తినాలని ఉంది. ఏళ్ళ తరబడి ఉంది. కానీ ఆ మాట నోరు తెరిచి ఆయన్ని అడగాలంటే సిగ్గు. ఈ వయసులో ఈ సరసాలేంటి అనుకుంటాడేమోనని. అదే నలుగుర్ని ఇంటికి పిలిచామంటే, ఇంటాయన లేకపోతే బాగోదు కదా!

నలుగురంటే ఇద్దరే. ఒకతి నాతో లాండ్రీలో పనిచేసే రేడియో. అసలు పేరు అందరం మర్చిపోయాం, ఆపకుండా వాగుతుందని అలా స్థిరపడింది. వరసకి ఏమీ కాకపోయినా నన్ను వదినా అంటుంది, సెలవు కూడా నాతోపాటే. రెండో ఆవిడ ప్యాకింగ్ అక్క. మా ఆయన ఫ్యాక్టరీలోనే రాత్రులు బ్రెడ్డుకి కవర్లు తొడుగుతుంది. మా ఆయన్ని తమ్ముడూ అని పిలుస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం ముగ్గురం మా వంటింట్లో చేరాం. పక్క గదిలో ఆయన నిద్రపోతున్నాడు కాబట్టి గుసగుసల మీదే మంతనాలు. రేడియో గుసగుస అంటే వేరేవాళ్ళ కేక.

"వదినా, చీజు నేను తెస్తా. బ్రెడ్డుకి కరువా, ఇద్దరు బ్రెడ్డు మనుషులున్నారు. ఇంకేం కావాలి?"

"నిన్నటి బ్రెడ్డయితే మంచిదట, ముంచితే విరగదు. చీజు విరిగిపోకుండా కాస్త మొక్కజొన్న పిండి. అన్నిటికంటే ముందు వెల్లుల్లి రెబ్బ కోసి గిన్నె లోపలంతా బాగా రుద్దాలన్నారు మాస్టారు."

"వెల్లుల్లి మానేయ్," అంది అక్క. "తమ్ముడు తినడుగా."

నేను నవ్వేశాను. "ఎవరు, ఈయనా? వెల్లుల్లంటే పడిచస్తాడక్కా. డబ్బాలో కూర కట్టినప్పుడల్లా గుప్పెడు వేస్తాను."

అక్క మొహం అదోలా అయింది. అన్నాక వెనక్కి తీసుకోలేక చెప్పేసింది. "రోజూ ఏరి నా డబ్బాలో వేస్తాడు. నేనే తింటున్నా ఇన్నేళ్ళూ. నీకు తెలుసనుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీద కాదు, పాపం ఆవిడేం చేసింది! రోజూ అర్ధరాత్రి ఆయన ఎదురుగా కూర్చుని తినే మనిషి. ఆయన ఏం తింటాడో, ఏం పక్కన పెడతాడో ఆవిడకి తెలుసు. కట్టుకున్న పెళ్ళాన్ని, నాకు తెలీదు. ఉల్లిపాయలు తరుగుతున్నట్టు నటించడానికి చేతిలో ఉల్లిపాయ కూడా లేదు. అలాగే ఏడ్చాను.

"పార్టీ లేదు, గీర్టీ లేదు. గిన్నె హోటలుకి ఇచ్చేస్తా," అన్నాను.

"ఇచ్చెయ్, మళ్ళీ మూతలు పెట్టుకుంటూ కూర్చో," అంది రేడియో. నోరే కానీ ఒక్కోసారి సరైన మాటే అంటుంది.

మర్నాడు తెల్లవారి ఆయన రాగానే అడిగాను. "వచ్చే మంగళవారం రాత్రి సెలవు పెడతారా? వాళ్ళిద్దర్నీ పిలిచాను."

"చూద్దాం," అన్నాడు.

మా ఆయన భాషలో చూద్దాం అంటే కాదని అర్థం. కొత్త మంచం కొందామా అంటే చూద్దామన్నాడు, ఇంకా పాతదాని మీదే కిర్రుకిర్రుమంటున్నాం. వెల్లుల్లి సంగతి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆయన కళ్ళు నిద్రతో ఎర్రగా ఉన్నాయి, నా బస్సుకి వేళవుతోంది. ఆ వారమంతా ఆయన సెలవు మాట ఎత్తలేదు, నేను అడగనూ లేదు. కూరల్లో మాత్రం వెల్లుల్లి మానేశాను. దానికీ ఆయన ఏమీ అనలేదు.

మంగళవారం సాయంత్రం అక్క, రేడియో వచ్చేశారు. అక్క తన సెలవు మార్చుకుంది. చీజు పొయ్యి మీద కరుగుతోంది, నేను గరిటె తిప్పుతున్నాను, చెవులు మాత్రం స్నానాల గది వైపే ఉన్నాయి. ఆయన ఎక్కే బస్సు వీధి మలుపులో హారన్ కొట్టింది. గరిటె ఆగిపోయింది.

ఆయన తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఒంటి మీద ఇంట్లో వేసుకునే చిరుగుల చొక్కా ఉంది. బస్సు వెళ్ళిపోయింది.

"సెలవు పెట్టారా?"

"పెట్టా."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా! వారం నుంచి చస్తున్నాను!"

"చివరి నిమిషంలో రమ్మంటారేమోనని భయం. ముందే చెప్పి, నువ్వు ఆశ పెట్టుకున్నాక వెళ్ళిపోవాల్సొస్తే..." అని గొణిగాడు.

ఏం మనిషండీ ఈయన! తిట్టాలో నవ్వాలో తెలీక గిన్నె తెచ్చి బల్ల మీద దీపం పైన పెట్టాను. అక్క, రేడియో పక్కింటి నుంచి తెచ్చిన స్టూళ్ళ మీద సర్దుకున్నారు, మేమూ కూర్చోబోయాం. కిటికీ పక్క కుర్చీలో నేను కూర్చోబోతుంటే ఆయనా అందులోనే కూర్చోబోయాడు. ఇద్దరం ఢీకొన్నాం. ఆయన కంగారుగా లేచాడు, నేనూ లేచాను. మళ్ళీ ఇద్దరం ఒకేసారి దాన్లోకే వంగాం.

"అది నా కుర్చీ," అన్నాను.

"నాది కదూ?" అన్నాడు అమాయకంగా.

రేడియో పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క కళ్ళు తుడుచుకుంది. ఇంట్లో ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకే కుర్చీలో తింటున్నామని, రెండో కుర్చీ బట్టలేసుకోడానికే ఉందని మాకప్పుడే తెలిసింది. కుర్చీ ఆయనకిచ్చి, బట్టల కుర్చీ పక్కకి లాక్కుని కూర్చున్నాను. ఆయన మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది. ఎటు జరగాలో ఇద్దరికీ తెలీలేదు, అందుకని జరగలేదు.

ఆయన బ్రెడ్డు ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "హబ్బా!" అని ఊదుకున్నాడు. "కాలిందే!"

"పొయ్యి మీంచి దించింది కాలక ఏం చేస్తుంది?"

"అలవాటు తప్పిపోయింది," అని నవ్వి ఇంకోటి ముంచాడు. నమిలాడు. నా వైపు చూశాడు. "బాగుంది. కానీ ఏదో తక్కువైంది. వెల్లుల్లి వెయ్యలేదా?"

ఇంక ఆగలేదు నా నోరు. "మీకు పడదటగా! మీరు రోజూ ఏరి అక్కకి పెడతారటగా! ఊరందరికీ తెలుసు, నాకే తెలీదు. నాతో ఒక్కమాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

అక్క తల దించుకుంది. ఆయన ఫోర్కు కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పడకపోవడమేంటి? నాకు ప్రాణం," అన్నాడు మెల్లగా.

"మరి?"

"తెల్లారి ఇంటికొస్తాగా."

"వస్తే?"

వాళ్ళిద్దరి వైపూ ఒకసారి చూసి, ఇంక తప్పదన్నట్టు చెప్పాడు. "నేనొచ్చాక నువ్వు బయల్దేరేదాకా ఉంటామే, ఆ కాసేపు. రాత్రి తిన్న వెల్లుల్లి పొద్దున్నకి కంపు కొడుతుంది. నువ్వు మొహం అటు తిప్పుకుంటే... మనకున్నదే ఆ కాసేపు."

రేడియో నోట్లో ముక్క నోట్లోనే ఉంది.

ఆ కాసేపట్లో నేను ఈయనకి గ్యాసు అయిపోయిందని చెప్పాను. కుళాయి కారుతోందని చెప్పాను. అద్దంలో చూస్తూ చెప్పాను. ఈయన ఆ కాసేపటి కోసం ప్రాణంలాంటి రుచి పక్కన పెట్టుకుని వచ్చేవాడు.

లేచి వంటింట్లోకి వెళ్ళి నాలుగు రెబ్బలు దంచి తెచ్చి, మొత్తం గిన్నెలో వేసి కలిపాను.

"అయ్యో, ఇప్పుడెందుకే?" అన్నాడు.

"తినండి. నేనూ తింటాను. ఇద్దరూ తింటే ఒకరిది ఒకరికి తెలీదు."

ఆయన ముంచాడు, నేనూ ముంచాను. పచ్చి వెల్లుల్లి ఘాటుకి ఇద్దరి కళ్ళూ చెమర్చాయి, ఘాటుకేనని ఇద్దరం ఒప్పుకున్నాం. కాసేపటికి అడిగాను, అడక్కుండా ఉండలేక.

"రేపు డబ్బాలో వెయ్యనా?"

ఆయన నా మోచేతి వైపు చూశాడు.

"వెయ్యి," అన్నాడు. "అక్కకి ఇస్తా."