తాతయ్య ఇవాళేం తిన్నాడు

ఫెర్మోని అంబులెన్స్‌లో ఎక్కించింది కరోనా వచ్చిన ఏడాది మార్చిలో, ఎండగా ఉన్న ఒక మధ్యాహ్నం. బట్టల మిల్లులో మెకానిక్‌గా బతుకంతా గడిపిన మనిషి. బరువైన మోటార్లు ఎత్తిన ఆ చేతులకు మెట్లు దిగడానికి ఇద్దరి భుజాలు కావాల్సి వచ్చాయి. భార్య ఒత్తావియా వెంట దిగబోతే, తల నుంచి కాళ్ల దాకా తెల్ల సూటు తొడుక్కున్న ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కడికే? ఇల్లు చూసుకో, రెండ్రోజుల్లో వచ్చేస్తా" అన్నాడు ఫెర్మో, ఊపిరి అందక మాట మాటకీ ఆగుతూ.

"వస్తావులే నీ మొహం! గడ్డం గీసుకునే సామాను వదిలేసి పోతున్నావు" అని ఆవిడ పైనుంచి అరిచింది.

అవే వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాటలు.

అప్పటికే ఇటలీలో బెర్గమో పైనున్న ఆ లోయలో మనిషి మనిషికీ చావు గంట కొట్టడం మానేశారు. అలా కొడితే రోజంతా మోగుతూనే ఉండేది. చర్చి ఫాదర్ పొద్దున ఒక్కసారి అందరికీ కలిపి కొట్టించేవారు. మిగతా పొద్దంతా సైరన్లే.

ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు. ఎనభైకి దగ్గర పడ్డ ఒత్తావియా. మొగుడితో విడిపోయాక పుట్టింటికి చేరిన కూతురు మిలేనా. మిలేనా కూతురు నొయేమి, పదహారేళ్ల పిల్ల. మిలేనా పనిచేసే రంగుల ఫ్యాక్టరీ మూతపడింది. చేతులు ఊరుకోక ఆమె తలుపు పిడులూ స్విచ్చులూ కుళాయిలూ బ్లీచింగ్ నీళ్లతో తుడుస్తూనే ఉండేది. వేళ్ల మీద చర్మం లేచిపోయినా ఆపేది కాదు. నొయేమి ఫోన్లో మొహం దాచుకుని మంచం మీద పడుండేది. ఫెర్మో వెళ్లిన మర్నాడే ఒత్తావియాకి జ్వరం తగిలింది.

ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆవిడ ఒళ్లు కాలిపోతోంది. ఫోన్ ఎత్తింది మిలేనా. అవతల డాక్టరమ్మ గొంతు బాగా అలిసిపోయి ఉంది. రెండే ముక్కలు చెప్పి, క్షమించమంది. మిలేనా కూతుర్ని బాత్రూంలోకి లాగి, మాట బయటికి వినపడకుండా కుళాయి తిప్పింది.

"తాతయ్య పోయాడు. అమ్మమ్మకి చెప్పకు."

"ఎలా చెప్పకుండా ఉంటామమ్మా? ఆయన ఆవిడ మొగుడు!"

"ఈ జ్వరంలో చెబితే ఆవిడా పోతుంది. ఇద్దర్నీ పోగొట్టుకోమంటావా నన్ను? కాస్త తగ్గనీ, నేనే చెప్తా."

ఆ సాయంత్రం మిలేనా తల్లి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేశారా? ఎలా ఉన్నాడట?" అని ఒత్తావియా దుప్పట్లోంచి అడిగింది.

"బాగానే ఉన్నాడట అమ్మమ్మా. పడుకున్నాడట" అంది వెనకనుంచి నొయేమి.

అలా ఆ పని ఆ పిల్ల నెత్తిన పడింది. మర్నాడు తాతయ్య కాస్త సూప్ తాగాడంది. ఆ తర్వాత, సూపులో ఉప్పు లేదని గిన్నె తోసేశాడంది. దక్షిణాది నుంచి వచ్చిన ఒక నర్సుని పుట్టించింది. కాఫీ ఎలా కాచాలో ఆ నర్సుకీ తాతయ్యకీ రోజూ వాదనట.

"నర్సుతో కూడా మొదలెట్టాడూ? ఇంకేం, బతికాడన్నమాట!" అని ఒత్తావియా దగ్గుతూనే నవ్వేది. "ఇవాళేం తిన్నాడే?" అని పొద్దున లేవగానే అదే ప్రశ్న.

నొయేమి ఫోన్ పక్కన పడేసింది. రేపు తాతయ్య ఏం తినాలో, ఎవరిని తిట్టాలో ఆలోచించుకునేది. చెబుతున్నంతసేపూ ఆయన ఆమె కళ్ల ముందు దిండుకి ఆనుకుని కూర్చునే ఉండేవాడు. నిజానికి ఊళ్లో చోటు చాలక శవపేటికల్ని సైన్యం లారీలకెత్తించి వేరే ఊళ్లకి దహనానికి పంపేశారు. ఫెర్మో ఏ లారీలో ఎక్కడికి వెళ్లాడో ఇంట్లో వాళ్లకే తెలియదు.

ఒత్తావియా జ్వరం దిగింది. లేచి గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఇక చెప్పేద్దామే" అంది మిలేనా.

"ఇంకొక్క రోజమ్మా" అని నొయేమి బతిమాలింది. మిలేనా కూడా గట్టిగా అనలేకపోయింది. ఆ ఒక్క రోజు మరి కొన్ని రోజులయింది.

ఇళ్ల మధ్యనున్న ఆవరణకి అవతలి వైపు బాల్కనీలో సాంతో అనే ముసలాయన ఉండేవాడు. ఫెర్మోకి చిన్ననాటి స్నేహితుడు, చెవులు సరిగ్గా వినపడవు. మిలేనా అతని కూతురికి ఫోన్లో సంగతి చెప్పి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ కూతురు తండ్రికి చెప్పింది కానీ, ఒట్టు సంగతి ఆయన చెవిన పడలేదు. ఒత్తావియా మొదటిసారి తమ బాల్కనీలోకి, ఎండలోకి రాగానే సాంతో రెయిలింగ్ పట్టుకుని కేకేశాడు.

"ఒత్తావియా! గుండె రాయి చేసుకోవమ్మా! వాడి పెట్టె మొయ్యడానికి కూడా నోచుకోలేదు నేను!"

"ఎవరి పెట్టె?" అంది ఆవిడ.

సాంతో చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఎప్పుడు?"

మిలేనా చేతిలో గుడ్డ పిండుకుంటూ చెప్పింది.

"అయితే ఇన్నాళ్లూ శవానికి ఆరోగ్యం ఇమ్మని మొక్కానా నేను?" ఒత్తావియా గొంతు పెంచలేదు. "ఆయన ఆత్మ కోసం ఒక్క ప్రార్థన చెయ్యలేదు. నల్ల బట్ట కట్టలేదు. సూపు తాగాడంటే నవ్వాను. ఆయన పెట్టెలో ఉంటే నేనిక్కడ పడి పడి నవ్వాను మిలేనా!"

"నీకు జ్వరమమ్మా. నువ్వు కూడా పోతావని..."

"పోనివ్వాల్సింది."

ఆ తర్వాత ఆవిడ తన కంచం గదిలోకే తెప్పించుకునేది. నొయేమి తెస్తేనే తినేది. ఒకరోజు ఆ పిల్ల కంచం బల్ల మీద పెడుతూ, "అమ్మమ్మా, ఇవాళ తాతయ్య ఆపిల్ ముక్క..." అంది. తనేమంటోందో తనకే తెలియనట్టుంది.

ఒత్తావియా మనవరాలి మణికట్టు పట్టుకుంది. "తాతయ్య చచ్చిపోయాడు. అను."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అనవే తల్లీ. ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ మాట అనాలి కదా."

"చచ్చిపోయాడు" అంది నొయేమి. అంటూనే నేల మీద కూలబడింది. ఎక్కిళ్లతో పాటు ఆమె నోట్లోంచి వచ్చిన కేక విని మిలేనా పరిగెత్తుకొచ్చింది గానీ, గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేకపోయింది. ఒత్తావియా ఓదార్చలేదు. ఆవిడ దగ్గర అందుకు సత్తువ లేదు. మణికట్టు మాత్రం వదల్లేదు.

మే నెలలో ఫెర్మో బూడిద ఒక పాత్రలో వచ్చింది. శ్మశానంలో మాస్కులు వేసుకుని వాళ్ల ముగ్గురితో పాటు సాంతో, ఫాదర్. ప్రార్థన కాఫీ తాగినంతసేపట్లో అయిపోయింది. పాత్ర తను పట్టుకుంటానని మిలేనా చేతులు చాపితే, తల్లి పక్కకి జరిగి దాన్ని నొయేమికి ఇచ్చింది. "బరువేం లేదమ్మమ్మా" అంది నొయేమి ఆశ్చర్యంగా.

జూన్‌లో ఫ్యాక్టరీ తెరిచారు. మిలేనా పనిలోకి వెళుతోంది. అక్టోబరులో మళ్లీ కేసులు పెరిగి, బడి మళ్లీ మూసేశారు. నొయేమి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయి ఎక్కడో పడి ఉంది. రోజూ బయల్దేరే ముందు మిలేనా తల్లి గది బయట నిలబడి, "వెళ్లొస్తానమ్మా" అంటుంది. లోపల్నుంచి జపమాల పూసలు కదులుతున్న చప్పుడే వినిపిస్తుంది. మిలేనా మాస్కు సర్దుకుని మెట్లు దిగుతుంది.