ఉచితంగా వచ్చిన బూట్లు

సొంతూళ్ళో కిరాణా కొట్టు మూతపడ్డాక, రోడ్ల మీద మంచు తవ్వే పనికి ఈ చలిదేశం వచ్చాడాయన. కొట్టు పోయినా పేరు పోలేదు. గదిలో అందరికీ ఆయన షావుకారే.

వచ్చిన రోజే మేస్త్రీతో బేరమాడి, బూట్లూ కోటూ కంపెనీ ఖర్చు మీద సాధించాడు. వెంట వచ్చిన బామ్మర్ది సొంత బూట్లు కొనుక్కుంటానంటే, "ఊరికే వచ్చేదానికి డబ్బు తగలేస్తావా?" అని కసిరాడు. అడగ్గానే తలూపేవాణ్ణి కొట్లో అయితే ఒకటికి రెండుసార్లు చూసేవాడు. ఇక్కడ ఆ అలవాటు మర్చిపోయాడు.

మంచు పడితేనే పని. పడకపోతే గదిలో కూర్చుని వ్యాను హారన్ కోసం చెవులు రిక్కించాలి. కూలి చేతికొచ్చేది చలికాలం పోయాకే. ఈమధ్య ఆకాశం తెరిపిచ్చింది. పాత మంచు మాత్రం వీధిలో రాయిలా బిగుసుకుంది. పని లేదు, తిండి ఖర్చు ఆగదు.

అంతలో ఊరి అవతలి బేకరీలో పనిచేసే తెలిసినతను కబురు పెట్టాడు. పొయ్యి దగ్గర మనిషి కావాలి, వారం వారం జీతం, మధ్యాహ్నంలోగా వస్తే పని ఖాయం. షావుకారు వెళ్తానని మేస్త్రీకి చెప్పాడు.

"వెళ్ళండి షావుకారుగారూ, కాళ్ళు కట్టేశామా? బూట్లూ కోటూ విప్పేసి వెళ్ళండి. కంపెనీ సరుకు," అన్నాడు మేస్త్రీ.

"బస్సెక్కేదాకా అయినా..."

"మీ కొట్లో తూకం రాళ్ళు ఎవరైనా ఇంటికి పట్టుకెళ్తానంటే ఇచ్చేవారా ఏంటి?"

ఇచ్చేవాడు కాదు. వంగి బూట్లు విప్పాడు.

బామ్మర్ది తన బూట్లు విప్పబోయాడు. "ఇవేసుకెళ్ళు బావా."

"అవీ వాడివేరా. నీ కూలిలో కోస్తాడు."

మేజోళ్ళ మీద ప్లాస్టిక్ సంచులు, సంచుల మీద చెప్పులు తొడిగి, షావుకారు ఒంటికి దుప్పటి చుట్టుకున్నాడు.

"పార్సిల్‌లా ఉన్నావు బావా! చిరునామా రాస్తే వాళ్ళే చేర్చేస్తారు."

వీధి మలుపు దాటేలోపే సంచులు చిరిగాయి. కాలివేళ్ళు ముందు మండాయి, తర్వాత నొప్పే తెలియలేదు. ఆ తెలియకపోవడమే ఆయన్ని భయపెట్టింది. వేళ్ళు పోయినవాణ్ణి బేకరీ మాత్రం ఏం చేసుకుంటుంది? వెనక్కి తిరిగాడు.

హీటర్ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ? యజమాని అడుగుతున్నాడు."

ఈ చలిలో బతికే మనిషికి బూట్లు లేవంటే నమ్మేదెవరు? "ఒంట్లో బాగోలేదండీ. రేపు రానా?"

"రేపటిదాకా ఆగరండీ. ఇంకొకర్ని చూసుకుంటారు."

సాయంత్రానికి కిటికీ అవతల దూదిపింజల్లా మంచు మొదలైంది. వ్యాను హారన్ కొట్టింది. గుమ్మం దగ్గర మేస్త్రీ బూట్లు అందించాడు.

"తొడుక్కోండి, మీకోసం వెచ్చబెట్టించాను."

షావుకారు కాళ్ళు దూర్చాడు. నిజంగానే వెచ్చగా ఉన్నాయి. "మంచిపని చేశారండీ," అన్న మాట, ఆపుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది.