శ్రావణంలో సింహద్వారం

తిరువూరులో వీరరాఘవయ్య మేడ చూడనివాళ్ళు ఉంటే ఉండొచ్చు కానీ, దాని సింహద్వారం గొప్ప ఆయన నోట విననివాళ్ళు లేరు. తాతగారు ఏరికోరి మద్దిచెక్కతో చేయించిన జంట తలుపులవి. "మా ఇంటి కోడళ్ళంతా ఇందులోంచే కుడికాలు పెట్టారండి. వేరే దారిన వచ్చిన కోడలు మా వంశంలోనే లేదు" అని రెడ్డిగూడెం వియ్యంకుడు సీతారామారావుకి పెళ్ళిచూపులనాడే చెప్పేశాడు.

ఆ మాట నిలబెట్టుకోవాల్సిన రోజు రానే వచ్చింది. మామిడితోటల ఇల్లు కనుక కాయ దించేదాకా అక్కడ ఎవరూ పెళ్ళి మాట ఎత్తరు. అంచేత ముహూర్తం ఎప్పుడూ శ్రావణంలోనే. కొత్త కోడలు పూజిత, కొడుకు కిరీటి కొంగుముడితో గుమ్మం ముందు నిలబడ్డారు. గడప మీద బియ్యం చెంబు సిద్ధంగా ఉంది. కాసేపట్లో వర్జ్యం వచ్చేస్తుంది. తలుపు మాత్రం రాలేదు. ముసురుకి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది.

వీరరాఘవయ్య తోశాడు, కిరీటి తోశాడు, చివరికి మేళగాళ్ళు కూడా సన్నాయి పక్కనపెట్టి ఓ చెయ్యి వేశారు. సీతారామారావు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆ చూపుకి వీరరాఘవయ్య ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ళ పరువు ఈ పూటతో గంగలో కలిసేలా ఉంది.

లోపల హారతి పళ్ళెంతో నిలబడ్డ భార్య హనుమాయమ్మ కిటికీలోంచి కేకేసింది. "ఎందుకండీ ఆ అవస్థ? పిల్లని పెరటివైపు నుంచి తీసుకురండి."

"ఊరుకోవే! మనింట్లో ఎప్పుడైనా ఉందా?"

"లేకపోవడమేంటి? శ్రావణంలో ఈ తలుపు ఎప్పుడొచ్చింది గనక! నేనొచ్చింది అటేగా! గేదెల్ని దాటించి మీరే చెయ్యి పట్టుకు తీసుకొచ్చారు. మా అత్తగారూ అంతేనంట. ఎవరికీ చెప్పొద్దని మామగారన్నారని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు గానీ, ఇక్కడ పళ్ళెం చెయ్యి కాలుస్తోందండీ!"

తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. వీరరాఘవయ్యకి అన్నీ గుర్తొచ్చాయి. పట్టుచీర కుచ్చిళ్ళు పైకెత్తుకుని గేదెలకి బెదిరిపోతూ నడిచిన పిల్ల కళ్ళముందు మెదిలింది. చెప్పీ చెప్పీ ఆ అబద్ధాన్ని తనే నమ్మేశాడు. ఆవిడ మాత్రం అన్నీ తెలిసి ఇన్నేళ్ళూ తన పరువు కాపాడుతూ వచ్చింది. సిగ్గేసింది, మనసు కలుక్కుమంది.

పూజిత ఫక్కున నవ్వింది. "పద కిరీటీ, గేదెల్ని చూద్దాం" అంటూ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి బయల్దేరింది. వెనకే పెళ్ళివారంతా కదిలారు, మేళంతో సహా.

వీరరాఘవయ్య ఒక్కడే మిగిలాడు. ఉక్రోషం పట్టలేక తలుపుకి భుజం ఆనించి ఉన్న బలమంతా పెట్టాడు. సరిగ్గా అప్పుడే, "మామయ్యగారు బయటే ఉండిపోయారు, పాపం" అంటూ లోపలి నుంచి పూజితా కిరీటీ చెరో తలుపూ పట్టి లాగారు. తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. బియ్యం చెంబు ఎగిరిపడింది. దాని వెనకే వీరరాఘవయ్య హాలు మధ్యకి వచ్చిపడ్డాడు.

హనుమాయమ్మ తొణక్కుండా ఆయనకి హారతిచ్చింది. "కుడికాలే పెట్టారు లెండి."

సీతారామారావు కంగారుగా చెయ్యి అందించాడు. "దెబ్బ తగిలిందా బావగారూ?"

వీరరాఘవయ్య లేచి మీసాల్లో బియ్యం దులుపుకున్నాడు. భార్య వంక ఓసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"దెబ్బ సంగతి అలా ఉంచండి బావగారూ. పెళ్ళినాడు ఈ సింహద్వారంలోంచి కుడికాలు పెట్టి వచ్చింది, మా వంశం మొత్తంలో నేనొక్కణ్ణే!"