నాకంత ఇష్టం లేదులే

తనకు ఆటలంటే నిజంగానే ఇష్టం లేదా, లేక లేదని నలుగురూ అంటే నమ్మేసిందా? ఈ సందేహం ఆమెకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు అడగాలనిపించేది; ఇంత చిన్న విషయానికి ఆయన్ని విసిగించడమెందుకని ఊరుకునేది. "మా ఆవిడకి ఆటాపాటా పట్టవండీ, ఖాళీ దొరికితే ఏ బట్టలో మడతపెట్టుకుంటుంది," అని భర్త వచ్చినవాళ్లకు మెచ్చుకోలుగా చెబుతాడు. "అదృష్టవంతుడివిరా," అంటుంది అత్తగారు. ఆమె నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్తుంది. లోపల ఆ నవ్వు చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ ఆదివారం సాయంత్రం అన్నయ్య వచ్చాడు. పెరట్లో షటిల్ ఆట మొదలైంది. ఒకవైపు అన్నయ్య, ఇంకోవైపు ఆమె కొడుకు. కూతురు గోడ పక్కన నిలబడి, కింద పడ్డ కాక్ ఏరి అందిస్తోంది. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూ గిన్నెలు తోముతోంది.

"నువ్వూ ఆడవే," అన్నాడు భర్త కుర్చీలోంచి కూతురితో, మాటవరసకి.

"నాకంత ఇష్టం లేదులే నాన్నా. ఏరతాను."

"అచ్చం వాళ్లమ్మే!" అన్నయ్య నవ్వాడు. "అదీ ఇంతే బావగారూ, మా ఆటలో అరటిపండు. ఒక్కనాడూ బ్యాట్ అడిగిన పాపాన పోలేదు."

ఆమె చేయి ఆగిపోయింది. అడగలేదా? చిన్నప్పుడు రోజూ అడిగేది. "చీకటి పడ్డాక నీ వంతు," అనేవాడు అన్నయ్య. చీకటి పడ్డాక బంతి కనిపించేది కాదు. "రేపిస్తాలేవే, ఒట్టు," అంటూ అందరూ లోపలికి పోయేవారు. పొదల్లో చేతులు గీరుకుపోతూ బంతి వెతికేది ఆమె ఒక్కతే. అడిగి అడిగి అలిసిపోయి, ఒకరోజు తనే అనేసింది, నాకంత ఇష్టం లేదులే అని. అన్నాక ప్రాణం హాయిగా ఉంది, ఎదురుచూసే పని తప్పింది. ఇప్పుడు అదే మాట, ఆ చివరి "లే"తో సహా, పిల్ల నోట.

ఆమె సబ్బు చేతులు కడుక్కుని పెరట్లోకి వచ్చింది.

"అన్నయ్యా, నా వంతు నీ దగ్గరే ఉండిపోయింది. ఇయ్యి."

"ఏ వంతే?"

"చీకటి పడ్డాక ఇస్తానన్నావుగా. వెలుతురుండగానే ఇచ్చెయ్."

"ఇప్పుడేం ఆటలు, నడుం పట్టేస్తుంది," అన్నాడు భర్త. ఆమె మొహం చూసి ఎవరూ నవ్వలేదు. అన్నయ్య బ్యాట్ ఇచ్చాడు. అలవాటు కొద్దీ దాన్ని కూతురికి అందించబోయి, ఆగి, తనే గట్టిగా పట్టుకుంది. "నువ్వు తమ్ముడి దగ్గర తీసుకో," అంది.

మొదటి దెబ్బకే కాక్ గోడవారనున్న కాలువలో పడింది. కూతురు పరుగెత్తబోయింది.

"నువ్వుండమ్మా. మావయ్య తెస్తాడు."

 అన్నయ్య ప్యాంటు పైకి లాక్కుని, మోకాళ్ల మీద చేతులానించి, కాలువ మీదికి వంగాడు.