మడి చెంచా

నేను ఒక నీలిరంగు ప్లాస్టిక్ చెంచాను. పసిపిల్లలకు పెట్టే పిండి డబ్బాలో నా కాపురం. ఇందాక ఆసుపత్రి నుంచి ఫణీంద్ర ఫోన్ చేసి, తన పాప మేధకు జ్వరం దిగింది, విరేచనాలు ఆగాయి, రేపు ఇంటికి పంపేస్తారని చెప్పాడు. వంటింట్లో ఒకటే సంబరం. అతని తల్లి సుభద్రమ్మగారు దేవుడి గూటికి దణ్ణం పెట్టి, అంతా ఎదురింటావిడ దిష్టేనని తేల్చేసింది. నాకు నవ్వొచ్చింది. ఏడు నెలల పిల్లను ఆరు రోజులు సెలైన్ సూదికి అప్పగించింది నేను. పేరు మాత్రం ఆవిడ కళ్ళకి.

నన్ను పోతపోసిన యంత్రం నాలాంటి వాళ్ళను నిమిషానికి వందమందిని కన్నది. పిండి కంపెనీవాళ్ళు డబ్బా మీద నవ్వే బిడ్డ బొమ్మ అరచేతంత వేశారు. పొడి చెంచా వాడండి, కలిపింది వెంటనే తినిపించండి అన్న మాటలు మాత్రం చీమతలకాయంత. పిండిలో కంటికి కనిపించని క్రిములు కాసిని ఉండొచ్చని వాళ్ళకు తెలుసు. పెద్దక్షరాల్లో చెబితే కొనేదెవరు?

ఇక ఈ ఇంట్లో మడి. నన్ను ఎవరెవరు ముట్టుకున్నారోనని సుభద్రమ్మగారు పూటపూటా చెంబునీళ్ళతో కడిగి, తడితోనే పిండిలో గుచ్చేది. తుడుద్దామంటే గుడ్డ మైలట. నా చెమ్మకు పిండి ఉండలు కట్టింది. ఆ ఉండల్లో క్రిములకు రోజూ పెళ్ళిభోజనమే. పొద్దున కలిపిన జావ మిగిలితే మధ్యాహ్నం మళ్ళీ అదే పెట్టేది.

కోడలు హిమజ ఒకసారి డబ్బా తిప్పి చదివి వినిపించింది. ఫణీంద్ర కాలేజీలో జువాలజీ చెబుతాడు. పేపరు దించకుండానే, "మా అమ్మకంటే శుభ్రం ఎవరికి తెలుసోయ్?" అన్నాడు. క్రిముల మీద పాఠాలు చెప్పి బతికేవాడు!

ఫోన్ పెట్టేశాక సుభద్రమ్మగారు నన్ను మళ్ళీ చెంబులో ముంచింది. పాప నీరసపడి వస్తుంది, రాగానే ఈ పిండే కలిపి పెడదామంది. పాప బట్టల కోసం ఇంటికొచ్చిన హిమజ, నీళ్ళు కారుతున్న నన్ను ఆవిడ చేతిలోంచి తీసుకుంది. డబ్బాలోని ఉండ ఒకటి చిదిమి వాసన చూసింది. ఇన్ని చేతులు మారాను, నన్ను సరిగ్గా చూసిన మొదటి మనిషి ఈమే.

"దిష్టి కాదత్తయ్యా, తడి. చెంచా ఎలా వాడుతున్నారని డాక్టరుగారు మొదటే అడిగారు. రేపు చెత్తబండి రాగానే డబ్బాతో సహా ఇది పోతుంది. పాపకి రాగిజావ ఏ పూటకాపూట నేను కాస్తాను. మీరు పక్కన కూర్చుని పాట పాడండి, తింటుంది."